చక్కెర, శర్కర, షుగర్, జాగరీ: ఒకే మాట ఎన్ని దారుల్లో వచ్చింది

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "చక్కెర ఉర్దూ నుంచి మనకు వచ్చిందని కొందరు, సంస్కృతమని కొందరు, ఇంగ్లీషు షుగర్‌కు తెలుగే మూలమని ఇంకొందరు అంటున్నారు. స్పానిష్‌లో అసూకర్, రష్యన్‌లో సాఖర్, టర్కీలో షెకెర్ అంటారు. ఇవన్నీ ఒకటేనా? ఒకటే అయితే కేరళవాళ్లు శర్కర అని బెల్లాన్ని ఎందుకు అంటారు?"

అవును, ఇవన్నీ ఒకే మాట. సంస్కృతంలో శర్కర, పాళీలో సక్ఖరా, ప్రాకృతంలో సక్కర: వీటినుంచే మిగతావన్నీ పుట్టాయి. తెలుగు చక్కెర ప్రాకృతం మీదుగా వచ్చింది, ఉర్దూతో దానికి నిమిత్తం లేదు. షుగర్‌కు మూలం తెలుగు కాదు, రెండూ ఒకే మూలం నుంచి వేరువేరు దారుల్లో నడిచినవి. ఇక్కడ గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఈ మాట తెలుగులోకి ఒక్కసారి వచ్చి ఊరుకోలేదు. సంస్కృతం నుంచి నేరుగా శర్కర, ప్రాకృతం ద్వారా చక్కెర, దక్కనీ (దక్కన్‌లో మాట్లాడే ఉర్దూ) ద్వారా శక్కర్, ఇంగ్లీషు ద్వారా షుగర్, పోర్చుగీసు మీదుగా తిరిగి జాగరీ, గ్రీకు, లాటిన్ల మీదుగా సాకరిన్. ఇప్పుడు ఒకే కిరాణా కొట్టులో ఇవన్నీ వినబడతాయి. ఏ రూపం ఏ దారిన వచ్చిందో దాని హల్లులు, అచ్చులే చెబుతాయి. అది ఎలా చదవాలో చూద్దాం.

ముందు అర్థం సంగతి. శర్కర అంటే మొదట తీపి వస్తువే కాదు. గులకరాయి, కంకర, గరుకైన ఇసుక. వైదిక అగ్న్యాధానంలో అగ్నిని నిలిపే చోట పరిచే సంభారాల్లో ఇసుక, చవిటి మన్ను, పుట్టమన్ను, ఎలుక తవ్విన మట్టి ఉంటాయి. వాటి వరసలోనే శర్కర కూడా వస్తుంది. అక్కడ చక్కెర పోస్తారని అనుకుంటే మొత్తం వరసే అర్థం కాకుండా పోతుంది. పాళీలో సక్ఖరాకు గులకరాయి, కుండపెంకు ముక్క, చక్కెర అనే అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి. జైనుల ఏడు నరకభూముల్లో మొదటి మూడింటి పేర్లు రత్నప్రభ, శర్కరాప్రభ, వాలుకాప్రభ. రత్నం, కంకర, ఇసుక అని రాయి క్రమంగా నలిగిపోతున్న వరస అది. రెండోదాన్ని "చక్కెర కాంతి" అని అనువదిస్తే ఆ వరస తెగిపోతుంది. సంస్కృతం నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు రెండుసార్లు మారిన పుస్తకాల్లో ఇలాంటివి కనబడతాయి.

ఆయుర్వేదంలో ఈ తేడా మరీ ముఖ్యం. సుశ్రుతంలో మూత్రంలో రాయి గురించి చెప్పే చోట, ఆ రాయి ముక్కలై పడే స్థితికి శర్కర అని పేరు. ఇంకా సన్నగా ఉంటే సికత, అంటే ఇసుక. ఆ అధ్యాయంలో శర్కర కనబడగానే "పూర్వులకు షుగర్ వ్యాధి తెలుసు, ఇదిగో పేరు" అని రాసేవారున్నారు. పూర్వులకు ఆ వ్యాధి తెలిసిన మాట నిజమే. కానీ దాన్ని వాళ్లు ప్రమేహాల్లో ఒకటిగా, మధుమేహమనే పేరుతో చెప్పారు. మూత్ర శర్కర అంటే రాళ్ల జబ్బు. మనం ఇప్పుడు వాడే "చక్కెర వ్యాధి" ఇంగ్లీషు వాడుకను అనుసరించి ఈమధ్య వచ్చిన మాట.

మరి కంకర పేరు తీపికి ఎలా పట్టింది? చెరకు రసంతో చేసే పదార్థాల్లో ఇది ఒక ప్రత్యేకమైన దశకు పేరు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారం, అంటే సరుకుల గిడ్డంగి గురించి చెప్పే భాగంలో ఐదు పేర్లు వరసగా ఉన్నాయి: ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర. ఫాణితం అంటే జారుపాకం, గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెలో నంచుకునే చెరకు పానకం లాంటిది. గుడం బెల్లం. మత్స్యండిక చేపగుడ్లంత పలుకులు కట్టిన పాకం. ఖండం గడ్డకట్టిన ముడి చక్కెర. చివరిది శర్కర, మిగతావాటికంటే శుభ్రమైనది, పలుకు విడివిడిగా ఉండేది. వైద్య గ్రంథాలు కూడా ఈ వరసలో ముందుకు వెళ్లేకొద్దీ తెలుపు, శుద్ధి, చలువ పెరుగుతాయని చెబుతాయి.

దీని వెనక ఉన్న పని తెలిస్తే పేరు ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. రసాన్ని బెల్లం కోసం కాచేటప్పుడు నీరు దాదాపు పూర్తిగా పోయేదాకా, సుమారు 118 డిగ్రీల వేడి దాకా తీసుకెళ్లి, దించి, కలియబెట్టి అచ్చు పోస్తారు. అందులో తీపి పలుకూ, పలుకు కట్టని నల్లటి మడ్డి అయిన మొలాసిస్సూ కలిసే గడ్డకడతాయి, విడిపోవు. చక్కెర కావాలంటే అంత దూరం కాచకూడదు. పాకం ముదరకముందే దించి, కదపకుండా నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడు పలుకు కడుతుంది. ఆపైన పలుకుల మధ్య ఉన్న మొలాసిస్‌ను కిందికి కార్చెయ్యాలి. తొందరపడి చల్లారిస్తే పలుకు మరీ సన్నగా కట్టి మొలాసిస్ దిగదు. ఎక్కువ కాస్తే బెల్లమే అవుతుంది. రసం పులిస్తే అసలు పలుకే కట్టదు, ఎందుకంటే పులుపు తగిలిన సుక్రోజ్ రెండు వేరే చక్కెరలుగా విడిపోతుంది, అవి పలుకు కట్టడాన్ని అడ్డుకుంటాయి. ఉత్తరాదిలో ఖండసారి చేసేవాళ్లు ముడి పాకం మీద చెరువు నాచును పరిచేవారు. నాచులోని తడి కొద్దికొద్దిగా దిగుతూ పలుకుల మీది మొలాసిస్‌ను కడిగేది, పైపొర తెల్లబడ్డాక గీకి తీసుకునేవారు. అలా మిగిలిన విడివిడి పలుకులను చేతిలోకి తీసుకుంటే గరుకుగా తగులుతాయి, పంటి కింద కరకరమంటాయి. ముద్దగా ఉండే గుడం నుంచి దీన్ని వేరుచేసి చెప్పడానికి కంకర అనే పేరే సరిగ్గా సరిపోయింది.

ఇక శబ్దం దగ్గరికి వద్దాం. సంస్కృతంలో ర్క ఉన్న చోట ప్రాకృతంలో క్క వస్తుంది: తర్క తక్క అవుతుంది, కర్కశ కక్కస అవుతుంది. చాలా ప్రాకృతాల్లో శ కూడా స అయిపోతుంది. కాబట్టి శర్కర కాస్తా సక్కర. ఇది తెలుగు, కన్నడ, తమిళ, మలయాళాల్లోకి వచ్చినప్పుడు మొదటి స కు చాలాచోట్ల చ పలికింది. కారణం సులభమే. పాత ద్రావిడ భాషల్లో స అనే ధ్వని ప్రత్యేకంగా లేదు, దానికి దగ్గరలో ఉన్నది చ. శ్రేష్ఠి ప్రాకృతంలో సెట్ఠి అయి, మన దగ్గర సెట్టి, శెట్టి, తమిళంలో చెట్టి అయినట్టే ఇదీ. మరో చక్కని సాక్ష్యం సంక్రాంతికి మనం వండే చక్కిలాలు. వాటి మూలం శష్కులి. ప్రాకృతంలో సక్కులి, కన్నడంలో చక్కులి, తెలుగులో చక్కిలం. మొదటి ధ్వని, నడుమ ద్విత్వం రెండూ చక్కెరలో జరిగినట్టే ఇందులోనూ జరిగాయి. శర్కర ప్రకృతి, చక్కెర వికృతి అని మన బడి పుస్తకాల్లో ఇచ్చేది వట్టి కంఠస్థం కోసం ఇచ్చిన జంట కాదు, దాని వెనక ఈ నియమం ఉంది.

ఉర్దూ వాదాన్ని పరీక్షించడానికీ ఇదే దారి. పారసీ, ఉర్దూల నుంచి తెలుగుకు వచ్చిన మాటల్లో షకారం నిలిచే ఉంటుంది: షికారు, షరతు, షోకు. ఎవరూ చికారు, చరతు అనరు. చక్కెర ఆ కాలంలో వచ్చి ఉంటే షక్కర అని ఉండాలి. నిజానికి అలాంటి రూపమూ మనకు ఉంది, తెలంగాణలో వినబడే శక్కర్ అదే. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ ఏర్పడిన శక్కర్‌నగర్ పేరులో ఆ దక్కనీ రూపం స్థిరపడింది. కాబట్టి "చక్కెర ఉర్దూ మాట" అన్నవాళ్లు రెండు పొరలను ఒకటిగా కలిపేస్తున్నారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో రెండు రూపాలూ ఉండొచ్చు. అవి అన్నదమ్ములే గాని ఒకదానికి ఒకటి తండ్రి కాదు.

ఉత్తరాది భాషల్లో ఇంకో చిన్న పరీక్ష ఉంది. ప్రాకృతంలోని ద్విత్వాన్ని మరాఠీ, గుజరాతీ, హిందీ తేలికచేసి, ముందున్న అచ్చును దీర్ఘం చేస్తాయి. సప్త, సత్త, సాత్. కర్మ, కమ్మ, కామ్. ఆ లెక్కన సక్కర సాకర్ కావాలి. గుజరాతీలో అదే ఉంది: సాకర్. మరాఠీలో సాఖర్, పాళీ సక్ఖరాలోని ఒత్తు దానిలో మిగిలింది. హిందీలో మాత్రం శక్కర్. ద్విత్వం తేలిక కాలేదు, స శ అయింది. అది ఇంటిమాటగా నడిచి వచ్చిన రూపం కాదని, పారసీ షకర్ దానిమీద పనిచేసిందని ఈ రెండు గుర్తులూ చెబుతాయి.

దక్షిణానికి, తూర్పుకు వెళ్లిన రూపాలు తక్కువమందికి తెలుసు. సింహళంలో స చాలాచోట్ల హ అవుతుంది, అందుకే అక్కడ హకురు. దాని అర్థం బెల్లం. ఖ్మేర్‌లో స్కర్ అని రాస్తారు. బర్మీస్‌లోనూ ఈ మాటే, సక్రా అన్నట్టు రాసి వేరేగా పలుకుతారు. మలయ్, ఇండోనేషియన్లలో గుల అంటారు. అది శర్కర కాదు, గుడం. ఆ సముద్రాల మీదుగా మన దేశం నుంచి రెండు మాటలూ వెళ్లాయి, ఎవరికి ఏది నచ్చితే అది నిలిచింది.

పశ్చిమ దారి అసలైన పెద్ద కథ. మొదట గ్రీకులు. క్రీ.శ. మొదటి శతాబ్దపు వైద్యుడు డయోస్కోరిడిస్ ఇండియాలోనూ దక్షిణ అరేబియాలోనూ రెల్లు కాడల్లో దొరికే ఒక రకం తేనెను సక్ఖరోన్ అంటారని, అది ఉప్పులా గట్టిగా ఉండి పళ్ల కింద చిట్లుతుందని రాశాడు. రోమన్ రచయిత ప్లినీ కూడా దాన్ని మందుకే వాడతారన్నాడు. అదే శతాబ్దపు ఎర్రసముద్ర యాత్రా గ్రంథం పెరిప్లస్‌లో గుజరాత్ తీరం నుంచి ఆఫ్రికా రేవులకు వెళ్లే సరుకుల్లో గోధుమ, బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు గుడ్డలతోపాటు "సక్ఖరి అనే రెల్లు తేనె" ఉంది. గ్రీకులో క తర్వాత ఉన్న ఒత్తు ధ్వని గమనించండి. అది సంస్కృత శర్కరలో లేదు, పాళీ సక్ఖరాలో ఉంది. గ్రీకులు ఈ మాటను పండితుల నోటినుంచి కాక రేవుల్లో బేరమాడే జనం నోటినుంచి విన్నారనడానికి ఇంతకంటే మంచి గుర్తు అక్కర్లేదు. ఈ గ్రీకు రూపం లాటిన్‌లో సక్కరుమ్ అయింది. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో చెరకుకు పెట్టిన శాస్త్రీయ నామం సక్కరమ్ అఫిసినారమ్ దాన్నుంచే వచ్చింది. 1879లో అమెరికాలో కనిపెట్టిన సాకరిన్, రొట్టెను పొంగించే ఈస్ట్ పేరు సాకరోమైసిస్, రసాయన శాస్త్రంలో పాలీసాకరైడ్ అన్నీ ఈ కొమ్మవే. రష్యన్ సాఖర్, బల్గేరియన్ జహర్, ఇప్పటి గ్రీకు జాఖరి కూడా.

రెండోది పారసీ. మన వాయవ్య ప్రాకృతాలు శకారాన్ని నిలుపుకున్నాయి, కాబట్టి పారసీలో షకర్. అక్కడినుంచి ఆర్మేనియన్ షకర్, టర్కీ షెకెర్. ఒట్టోమన్ల కాలంలో బాల్కన్లకు పాకి సెర్బియన్‌లో షెచెర్ అయింది. పారసీ నుంచి అరబ్బీకి వెళ్లినప్పుడు ష కాస్తా స అయి, అచ్చు కూడా మారి సుక్కర్ అయింది. ఈ ష, స మార్పు ఒక్క మాటలో జరిగింది కాదు. పారసీ ముష్క్ అరబ్బీలో మిస్క్, షాపూర్ అనే రాజు పేరు సాబూర్. యూరప్‌లో సగం భాషలకు ఈ సుక్కరే మూలం.

అరబ్బుల దగ్గరినుంచి యూరప్‌కు ఇది రెండు తలుపుల్లోంచి వెళ్లింది. ఒకటి స్పెయిన్, పోర్చుగల్. అక్కడ ఇంగ్లీషు "ది" లాంటి అరబ్బీ నిర్దేశక పదం అల్‌తో కలిపి తీసుకున్నారు. స ముందు అల్‌లోని ల కూడా స అయిపోతుంది, అంటే పలుకుబడిలో అస్సుక్కర్. అందుకే స్పానిష్‌లోనూ పోర్చుగీసులోనూ మొదట అ ఉంటుంది. స్పెయిన్ పాలించిన ఫిలిప్పీన్స్‌లో అసుకల్ అనడానికీ కారణం ఇదే. రెండో తలుపు సిసిలీ, ఇటలీ. అక్కడ అల్ లేకుండా తీసుకున్నారు: త్సుక్కెరో. దాన్నుంచి ఫ్రెంచి సుక్ర్, జర్మన్ త్సుకర్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు షుగర్. ఇదే తేడా పత్తిలోనూ కుంకుమపువ్వులోనూ చూడొచ్చు. స్పానిష్‌లో అల్గోదోన్, ఇటాలియన్‌లో కొతోనె. స్పానిష్‌లో అసఫ్రాన్, ఇటాలియన్‌లో జఫ్ఫెరానో.

కాబట్టి కొత్త భాషలో ఈ మాట తారసపడితే ముందు మొదటి హల్లు పక్కనున్న అచ్చును చూడండి. ఉ ఉంటే అరబ్బీ దారి. అ గాని ఎ గాని ఉంటే గ్రీకు, పారసీ, లేదా నేరుగా మన దేశపు దారి. ఆ తర్వాత హల్లును చూడండి. ష ఉంటే పారసీ, నడుమ ఖ ఉంటే గ్రీకు గాని పాళీ గాని. మాటకు ముందు అదనపు అ ఉంటే స్పెయిన్, పోర్చుగల్. స్వాహిలీ సుకారి ఏ దారిలో వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ పరీక్ష బోల్తాపడే చోటు ఒకటుంది, అదే ఇంగ్లీషు షుగర్. "షుగర్‌లో ష ఉంది, శర్కరలో శ ఉంది, కాబట్టి మన దగ్గరినుంచి నేరుగా వెళ్లింది" అనే వాదన తరచూ వినబడుతుంది. ఆ ష కు శర్కరతో సంబంధం లేదు. పాత ఇంగ్లీషు రాతల్లో అది స తోనే ఉంది, ఇప్పటికీ రాసేది ఎస్ తోనే. తర్వాత ఇంగ్లీషులోనే "స్యు" పలుకు "షు" అయింది, ష్యూర్ అనే మాటలో జరిగినట్టే. అరబ్బీలో పోయిన షకారం ఇంగ్లీషులో యాదృచ్ఛికంగా మళ్లీ పుట్టింది. చూడ్డానికి పోలిక దగ్గరగా ఉంటే చుట్టరికం కూడా దగ్గరిదే అనుకోవడం ఇలాంటి చోట్లే దెబ్బతీస్తుంది.

జాగరీ దారి వేరు. 1498లో వాస్కో డ గామా కోజికోడ్ చేరిన తర్వాత పోర్చుగీసులు కేరళ తీరంలో బెల్లాన్ని చక్కర అనడం విన్నారు. దాన్ని జాగర, జాగ్ర అని రాసుకున్నారు. వాళ్ల నుంచి ఇంగ్లీషులోకి జాగరీగా వెళ్లింది. విశేషమేమిటంటే అప్పటికే పోర్చుగీసులో అసూకర్ ఉంది. ఒకే మాట అరబ్బుల చేతిమీదుగా ఒకసారి, మలయాళీల నోటిమీదుగా మరోసారి వాళ్ల భాషలో చేరింది, రెండు వేరే సరుకులకు పేరై నిలిచింది. ఇంగ్లీషులో షుగర్, జాగరీ కూడా అంతే. ఇప్పుడు మన ఊళ్లో అమ్మే పొట్లం మీద "జాగరీ పౌడర్" అని తెలుగు అక్షరాల్లో అచ్చువేస్తున్నారు. బెల్లం పొడి అనడానికి అక్షరాలు తక్కువే పడతాయి, అందరికీ తెలుస్తుంది కూడా. ఆ మాట వాడితే బాగుంటుందని నా మనవి.

ఖండం గురించి కూడా ఒక మాట. అది పారసీలో ఖంద్ అయింది, అరబ్బీ మీదుగా ఫ్రెంచికి, అక్కడినుంచి ఇంగ్లీషుకు వెళ్లి క్యాండీ అయింది. ఇరాన్‌లో ఇప్పటికీ విడి చక్కెరను షెకర్ అని, టీ తాగేటప్పుడు పళ్ల మధ్య పెట్టుకునే గడ్డను ఖంద్ అని వేరుగా అంటారు. అర్థశాస్త్రంలోని జంట అక్కడ అలాగే బతికి ఉంది. తమిళంలో కల్, అంటే రాయి, ఖండంతో కలిసి కఱ్కండు అయింది. మన కలకండ దానికి తోబుట్టువు.

ఇప్పుడు కేరళ సంగతి. మాట ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. మూలంలోనే అది చెరకు పదార్థాల్లో ఒక దశ పేరు కాబట్టి, ఏ ప్రాంతంలో ఏది ఎక్కువ వాడారో దానికి ఆ పేరు అంటుకుంది. మలయాళంలో శర్కర అంటే బెల్లం, చక్కర కూడా బెల్లమే, ముఖ్యంగా తాటిబెల్లం. తెల్ల చక్కెర పంచసార, మన పంచదారకు దగ్గరిది. తమిళనాడులో సక్కరై అంటే తెల్ల చక్కెర, నాట్టు సక్కరై అంటే గోధుమరంగు ముడి పొడి. కన్నడంలో సక్కరె తెల్లదే, మండ్యను సక్కరె నాడు అంటారు. గుజరాతీలో తెల్ల చక్కెర ఖాండ్, సాకర్ అంటే పటికబెల్లం. పంజాబ్‌లో, పాకిస్తాన్‌లో శక్కర్ అంటే పొడిచేసిన బెల్లం లాంటిది, తెల్లది చీనీ. తెలుగులో కోస్తాలో పంచదార, తెలంగాణ, రాయలసీమల్లో చక్కెర, రెండూ తెల్లదే. అయినా గుళ్లో పెట్టే చక్కెర పొంగలి బెల్లంతో చేస్తారు. తమిళ సక్కరై పొంగల్ కూడా అంతే. తెల్ల చక్కెర ఇంటింటికీ రాకముందు మాట ఎంత విశాలంగా ఉండేదో ఆ ప్రసాదం పేరు చూపిస్తుందని నా అభిప్రాయం.

వంటలు అనువదించేవాళ్లు దీన్ని తప్పనిసరిగా పట్టించుకోవాలి. మలయాళ వంటలో "శర్కర 250 గ్రాములు" అని ఉంటే 250 గ్రాముల చక్కెర అని రాయకండి. ఓణం విందులోని శర్కర వరట్టిని చక్కెరతో చేస్తే అరటి ముక్కలకు తెల్లటి పొర కడుతుంది, ఆ రంగూ రాదు, శొంఠి, ఏలకులతో కలిసే బెల్లపు రుచీ రాదు. పాయసంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. శర్కర వేసే అడ ప్రథమన్‌కు కొబ్బరిపాలు, చక్కెర వేసే పాలడకు ఆవుపాలు వాడటం వాళ్ల పద్ధతి. బెల్లంలో ఉండే పులుపు గుణానికి మరుగుతున్న పాలు విరుగుతాయి కాబట్టి ఈ జంటలు ఊరికే కుదిరినవి కావు. బెల్లం అని తెలియక పాలపాయసంలో వేస్తే గిన్నెడు పాలూ పోతాయి. పాలతో చెయ్యాలనుకుంటే బెల్లాన్ని విడిగా కరిగించి, వడగట్టి, చల్లార్చి, దించిన పాయసంలో కలపాలి. అలాగే గుజరాతీ వంటలో సాకర్ అని ఉంటే పటికబెల్లాన్ని దంచుకోవాలి, గడ్డగా వేస్తే కరగదు. హిందీ వంటలో చీనీ అంటే అనుమానం లేదు, తెల్లదే. చైనా పేరుమీద వచ్చిన మాట అది, ఈజిప్టు పేరుమీద మిశ్రీ వచ్చినట్టే. కానీ అనంతపురంలో చీనీ అంటే బత్తాయి.

చుట్టాలు కానివాళ్లను కూడా చెప్పి ముగిస్తాను, ఎక్కువ గందరగోళం అక్కడే. చక్కని, చక్కగా, చక్కదనం అనేవి అచ్చ తెలుగు మాటలు, చక్కెర నుంచి పుట్టినవి కావు. చెఱకులో ఉన్నది బండి ఱ, అది ద్రావిడ పదం. చెఱకు నుంచి చక్కెర వచ్చిందనడానికి వస్తువు సాక్ష్యం తప్ప శబ్ద సాక్ష్యం లేదు. షర్బత్, సిరప్ రెండూ అరబ్బీలో తాగడం అనే ధాతువు నుంచి వచ్చి తమలో తాము చుట్టాలు, షకర్‌తో సంబంధం లేదు. షకర్‌పారాలో ఉన్నది మాత్రం పారసీ షకరే. ఇక అరటిపండు. కోస్తా బజార్లలో చక్రకేళి అని బోర్డు రాస్తారు, చక్రంలా తిరిగి ఉంటుందని వివరణ కూడా ఇస్తారు. సరైన పేరు చక్కెరకేళి. కేళి అంటే ఇక్కడ ఆట కాదు, సంస్కృత కదళి ప్రాకృతంలో కయలీ, కేలీ అయింది, హిందీ కేలా కూడా అదే. తియ్యటి అరటి అని సూటి అర్థం. బోర్డు రాయించేవాళ్లు తెల్ల చక్కెరకేళి అని క కు ద్విత్వం, ఎత్వంతో రాయిస్తే సరిపోతుంది.